మిరప మంట తెలియని వేలు

జబ్బుపడ్డ మనిషిని ఆసుపత్రి దాకా నడిపించేది నొప్పి. పన్ను సలిపితే పంటి డాక్టర్ని వెతుక్కుంటాం, కడుపులో మెలిపెడితే అర్ధరాత్రయినా ఆటో మాట్లాడుకుని బయల్దేరతాం. కుష్ఠు వ్యాధి ముందుగా ఎత్తుకుపోయేది ఆ నొప్పినే. చేయి పాడవుతున్న సంగతి ఆ చేయి గలవాడికే తెలియదు. తెలియదు కాబట్టి రాడు. రోగి చెప్పుకునే బాధ విని వైద్యం మొదలుపెట్టడం మిగతా జబ్బుల్లో కుదురుతుంది, ఇక్కడ కుదరదు. మనమే వెళ్లి, ఆ చేతిని మన చేతిలోకి తీసుకుని, ఒక్కో చోటా తాకి అడగాలి.

అలా తాకి అడగాల్సిన చేతులు ఎలాంటివో మూడు జిల్లాల్లో చూద్దాం. జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబర్ 11న ఏర్పడ్డాయి. వీటిలో ఎక్కువ భాగం అంతకుముందు ఉమ్మడి వరంగల్ జిల్లా. ఇక్కడి బతుకుదెరువంతా చేతుల మీద నడుస్తుంది. జనగామ పక్కన పెంబర్తిలో ఇత్తడి రేకు మీద సుత్తి దెబ్బలతో బొమ్మ తేల్చే చేతులున్నాయి. భూపాలపల్లి అడవి అంచు ఊళ్లలో ఎండాకాలం తునికాకు కోసి కట్టలు కట్టే చేతులున్నాయి. మూడు జిల్లాల్లోనూ పత్తి ఏరే చేతులున్నాయి. ఎండిన పత్తికాయ కొస ముల్లై వేళ్లను గీరుతుంది, ఏరేవాళ్లు ఆ గీతల్ని లెక్కచేయరు. ఇక మిర్చి. కుష్ఠులో చేతి స్పర్శ గురించి చెప్పాలంటే మిరప చేను కంటే మంచి బడి నాకు కనపడలేదు.

జనవరి నుంచి మార్చి దాకా మహబూబాబాద్ చుట్టుపక్కల మిరపకాయ ఏరే కూలీలను రాత్రిపూట పలకరించండి. అన్నం కలుపుకోవాలన్నా చేతులు మండుతుంటాయి. తొడిమలు తీసేవాళ్ల సంగతి మరీ కష్టం. తేజ రకమైతే ఆ మంట తెల్లారేదాకా తగ్గదు. వరంగల్ వైపు ఎక్కువగా పండే చపాట మిర్చికి ఎరుపు ఎక్కువ, కారం తక్కువ, దాంతో అంత బాధ ఉండదు. నీళ్లతో ఎంత కడిగినా మంట పోదు, నూనె రాస్తే కొంత నయం, ఎందుకంటే కారానికి మూలమైన కాప్సైసిన్ నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది.

ఇక్కడొక ప్రశ్న వేసుకోవాలి. మిరపకాయ వేడిగా ఉండదు. మరి చేతికి కాలినట్టు ఎందుకు అనిపిస్తుంది? దీనికి జవాబు 1997లో దొరికింది. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ జూలియస్ బృందం, నొప్పిని మోసే నాడీకణాల్లో పనిచేసే జన్యువులను పోగుచేసింది. వాటిని కాప్సైసిన్‌కు స్పందించని కణాల్లోకి ఎక్కించి, ఏ జన్యువు వల్ల ఆ కణం కారాన్ని గుర్తుపడుతుందో వెతికింది. ఒకటి దొరికింది. అది తయారుచేసే ప్రోటీన్ పేరు టీఆర్‌పీవీ1. నాడి కొస మీద ఉండే ఈ ప్రోటీన్ సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి తగిలితే తెరుచుకుంటుంది, కాప్సైసిన్ తగిలినా తెరుచుకుంటుంది. రెండింటికీ మెదడుకు వెళ్లే కబురు ఒకటే: కాలుతోంది. తర్వాత ఆర్డెమ్ పటపూటియన్ తాకిడిని, ఒత్తిడిని పసిగట్టే పీజో ప్రోటీన్లను 2010లో గుర్తించాడు. ఇద్దరికీ కలిపి 2021లో వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది.

మన విషయానికి కావలసిన ముక్క ఏమిటంటే, మంటను మోసే తంతువులు, తాకిడిని మోసే తంతువులు ఒకటి కావు. వేడిని, నొప్పిని మోసేవి చాలా సన్ననివి, వాటికి చుట్టూ కొవ్వు తొడుగు ఉండదు, ఉన్నా పలచన. మెత్తగా తాకినా గుర్తుపట్టేవి లావువి, దట్టమైన తొడుగున్నవి. చర్మంలోని నాడుల మీద కుష్ఠు పడినప్పుడు చాలామందిలో మొదట దెబ్బతినేవి సన్నవి. వేడి, చల్లన తేడా పోతుంది. గుచ్చిన నొప్పి పోతుంది. తాకిన తెలివి ఆ తర్వాత పోతుంది. అంటే కొన్నాళ్లపాటు ఆ మనిషికి తాకితే తెలుస్తుంది గానీ కాలితే తెలియదు. మిర్చి ఏరిన రోజు రాత్రి చెయ్యంతా మండుతూ చిటికెన వేలు మాత్రం చల్లగా ఉంటే, అది అదృష్టం అనుకోకండి. ఆ వేలిని ఎవరికైనా చూపించండి.

ప్రత్యేకించి చిటికెన వేలే ఎందుకు? కుష్ఠు క్రిమి పేరు మైకోబాక్టీరియం లెప్రే. నార్వేలోని బెర్గెన్‌లో గెర్హార్డ్ అర్మావర్ హాన్సెన్ 1873లో దీన్ని గుర్తించాడు. ఇంతవరకు ఎవరూ దీన్ని గాజు గిన్నెలో పెంచలేకపోయారు. ఒక క్రిమి రెండు కావడానికి 12 నుంచి 14 రోజులు పడుతుంది, క్షయ క్రిమికి ఒక్కరోజు కూడా అక్కర్లేదు. అందుకే ఒంట్లో చేరిన ఏళ్లకు గానీ, సగటున 5 ఏళ్లకు గానీ, జాడ బయటపడదు. దానికి చల్లదనం కావాలి. 37 డిగ్రీల లోపలి ఒంట్లో దానికి పొసగదు, 30 డిగ్రీల చుట్టూ ఉండే చోట్లు ఇష్టం: చెవి తమ్మె, ముక్కు, చర్మం, చర్మానికి దగ్గరగా పారే నాడులు. నాడి తంతువులకు తొడుగు కట్టి సాకే ష్వాన్ కణాల్లో దూరి అక్కడ కాపురం పెడుతుంది.

మోచేతి లోపలి వైపు ఎముక గూడులోంచి వెళ్లే అల్నార్ నాడి చర్మం కింద ఇంచుమించు బయటే ఉన్నట్టు లెక్క. గోడకో గుమ్మానికో అక్కడ తగిలితే చిటికెన వేలి దాకా జిల్లుమనేది ఆ నాడి వల్లే. అక్కడ చల్లగా ఉంటుంది, చేయి ముడిచిన ప్రతిసారీ నాడి సాగుతుంది, ఇరుకు దారిలో రాసుకుంటుంది. క్రిమి చేరాక, దాని మీద ఒంటి రక్షణ వ్యవస్థ చేసే దాడిలో నాడి ఉబ్బుతుంది. ఉబ్బడానికి చోటు లేదు. లోపలి రక్తనాళాలు నొక్కుకుపోయి తంతువులు చచ్చుబడతాయి. నిజానికి ఈ నాశనంలో క్రిమి చేసేదాని కంటే మన శరీరం దానితో చేసే యుద్ధం వల్ల జరిగేదే ఎక్కువ. అల్నార్ నాడి పోతే చిటికెన వేలికి, ఉంగరపు వేలిలో సగానికి, అరచేతిలో ఆ అంచుకు స్పర్శ పోతుంది. మణికట్టు దగ్గర మీడియన్ నాడి కూడా పోతే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దుబారతాయి. అప్పుడిక ఆ చేతికి గుండీ పెట్టుకోవడం కూడా కళ్లతో చూస్తూ చేసే పని.

ఇంత దాకా తెలిసినా, వేళ్లు కురచ కావడం మాత్రం ఈ వ్యాధి లక్షణమేనని, మాంసం దానంతటదే కుళ్లి రాలిపోతుందని డాక్టర్లు కూడా చాలాకాలం నమ్మారు. తెలుగు నేల మీద తొలినాటి కుష్ఠు ఆసుపత్రుల్లో ఒకటి నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లిలో, 1915 ప్రాంతంలో లేచింది. ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ దాన్ని నిలబెట్టారు, నర్సా గౌడ్ అనే దాత చేయూతనిచ్చాడు. అప్పుడు చేతిలో ఉన్న మందు చాల్‌ముగ్ర నూనె ఇంజెక్షన్. చర్మం సంగతి కొంతవరకు చూసుకున్నారు. చేతి వేళ్లు ఎందుకు పోతున్నాయన్న ప్రశ్నకు జవాబు రావడానికి ఇంకా ముప్పై ఏళ్లకు పైగా పట్టింది.

ఆ జవాబు వేలూరు నుంచి వచ్చింది. తమిళనాడులోని కొల్లి కొండల్లో 1914లో పుట్టిన పాల్ బ్రాండ్ వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో ఎముకల శస్త్రవైద్యుడు. ఒకసారి తుప్పు పట్టిన తాళం తీయలేక అతను అవస్థ పడుతుంటే, కుష్ఠు రోగి అయిన ఒక కుర్రవాడు వచ్చి తాళంచెవిని చటుక్కున తిప్పేశాడు. చూస్తే వాడి వేలు తెగి ఎముక దాకా కనిపిస్తోంది. వాడికి తెలియనే లేదు. ఆ కుర్రవాడికి మనకంటే బలం ఎక్కువేం లేదు. మనకు నొప్పి పుట్టి ఆగిపోయే చోట వాడు ఆగలేదు, అంతే. బ్రాండ్, అతని సహచరులు వేళ్ల మీద ప్రతి గాయానికీ కారణం వెతుక్కుంటూ పోయారు. వేడి గిన్నె, పార కర్ర రాపిడి, బిగించి పట్టుకున్న పనిముట్టు, రాత్రి నిద్రలో వేళ్లు కొరికే ఎలుకలు. రాత్రుళ్లు కాపు కాసి ఎలుకల సంగతి తేల్చుకున్నాక రోగులకు పిల్లుల్ని ఇచ్చి పంపారు. వేళ్లు వాటంతటవి రాలడం లేదు. ప్రతి గాయానికీ ఒక తేదీ, ఒక కారణం ఉన్నాయి, కాబట్టి ప్రతిదాన్నీ ఆపవచ్చు. చేతి స్పర్శ పరీక్షకు ఇంత విలువ రావడానికి మూలం ఇది. ఎక్కడ తెలియడం లేదో గీత గీసి చూపగలిగితే, ఎక్కడ జాగ్రత్తపడాలో చెప్పగలం.

పరీక్ష ఎలా చేస్తారో దగ్గరగా చూద్దాం. పల్లెలో ఉపకేంద్రం వసారా. బల్ల మీద మడత పెట్టిన తువ్వాలు, దాని మీద అరవై ఏళ్ల అవ్వ కుడిచేయి వెల్లకిలా. ఎదురుగా శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త. చేతిలో ఉన్నది మామూలు బాల్‌పాయింట్ పెన్ను. 

"అవ్వా, ముందుగాల కండ్లు తెర్సుకునే సూడు. గిట్ల ముట్టుకుంట. నేను ఏడ ముట్టుకున్ననో గాడ్నే నీ ఏలు పెట్టాలె."

"గంతేనా బిడ్డా? సూది గుచ్చవు గదా?"

"సూది లేదు, ఏం లేదు. పెన్నే."

ముంజేతి మీద, స్పర్శ బాగున్న చోట, రెండుసార్లు చేసి చూపించింది. అవ్వకు ఆట అర్థమైంది. "ఇగ కండ్లు మూస్కో." పెన్ను కొస చర్మం మీద నిలువుగా, చిన్న గుంట పడేంత మెత్తగా ఆనింది. బొటనవేలి కొస: అవ్వ ఎడమచేతి వేలు వెంటనే వచ్చి అక్కడే వాలింది. చూపుడువేలు: వాలింది. అరచేతి మధ్య: కొంచెం పక్కగా అయినా వాలింది. తర్వాత పెన్ను చిటికెన వేలి కొస మీదికి వెళ్లి ఆగింది. అవ్వ కదలలేదు. కళ్లు మూసుకునే ఉంది, వినయంగా ఎదురుచూస్తోంది. కాసేపటికి తనే అంది: "కానియ్యి బిడ్డా, ముట్టుకో మరి."

పెన్ను అప్పటికే వేలి మీద ఉంది.

ఈ పరీక్ష అంతా నిలబడేది అడిగే పద్ధతి మీద. "తెలుస్తుందా?" అని అడిగితే పరీక్ష అక్కడే చెడిపోతుంది. భయమున్న మనిషి తెలుస్తుందనే అంటాడు, ఎదుటివాళ్లను నొప్పించడం ఇష్టం లేని మనిషీ అదే అంటాడు. అందుకే మాటతో పని లేకుండా వేలితో చూపించమంటారు. ఒకే వరుసలో, ఒకే తాళంలో తాకితే రోగి లెక్క కట్టి ముందే చూపించేస్తాడు, కాబట్టి చోటు మార్చాలి, మధ్యలో ఆగాలి. పెన్నుతో ఈడ్చకూడదు. చేతికి కింద మెత్త ఎందుకంటారా, అది అన్నిటికంటే ముఖ్యం. వేలిని గాలిలో ఉంచి పొడిస్తే కీలు కదులుతుంది. ఆ కదలిక కబురును మోసేది వేలి చర్మం కాదు, ముంజేతిలో ఉండే కండరాలు. వాటి నాడులు బాగానే ఉండవచ్చు. చర్మం చచ్చుబడ్డా రోగి నిజాయితీగానే "తెలిసింది" అంటాడు. తువ్వాలు ఆ పొరపాటును ఆపుతుంది. మహబూబాబాద్ తండాల్లో లంబాడా పెద్దవాళ్లతో చేస్తున్నప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి: ఏం చేయాలో గోర్ బోలీలో చెప్పగలిగిన వాళ్లెవరైనా పక్కన ఉండాలి. సూచన అర్థంకాక ఊరుకున్న మనిషిని స్పర్శ లేని మనిషిగా రాసేస్తే అది ఆ మనిషికి చేసిన అన్యాయం.

పెన్నుకు ఒక లోపం ఉంది. ఒకరు మెత్తగా ఆనిస్తారు, ఇంకొకరు గట్టిగా నొక్కుతారు. పోయిన నెల ఫలితాన్ని ఈ నెలతో పోల్చాలంటే తాకే బలం మారకూడదు. ఆ బలాన్ని కట్టడి చేసే ఉపాయం పంతొమ్మిదో శతాబ్దం చివర్లో జర్మన్ శరీరధర్మ శాస్త్రవేత్త మాక్స్ ఫాన్ ఫ్రే పట్టాడు, వెంట్రుకలను పుల్లల చివర అతికించి. చీపురు పుల్లను నిలువుగా బల్ల మీద ఆనించి నొక్కి చూడండి. కాసేపు నిలబడుతుంది, ఒక దశలో ఒంగుతుంది. ఒంగడం మొదలయ్యాక ఇంకా నొక్కినా బల్ల మీద పడే బలం దాదాపు పెరగదు, పుల్ల ఇంకాస్త ఒంగుతుంది, అంతే. ఎవరు నొక్కినా ఆ పుల్ల ఒంగే బలం ఒకటే. వెంట్రుకలు తేమకు మారిపోతాయి. జోసెఫిన్ సెమ్స్, సిడ్నీ వైన్‌స్టీన్ వాటి చోట నైలాన్ పోగులు పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో, ఆ తర్వాతి పోరుల్లో తలకు గాయాలైన సైనికుల స్పర్శను కొలవడానికి వాడి, 1960లో ఆ పని అచ్చువేశారు. కుష్ఠు చేతులకు దాన్ని మలచినవాళ్లలో ముఖ్యురాలు అమెరికాలో లూసియానా రాష్ట్రంలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రిలో పనిచేసిన జూడిత్ బెల్ క్రోటోస్కీ. పాల్ బ్రాండ్ కూడా 1966లో ఆ కార్విల్‌కే చేరాడు.

పోగు పొడవు అన్నిటికీ ఒకటే, సుమారు 38 మిల్లీమీటర్లు. మారేది మందం. మందం రెట్టింపైతే ఒంచడానికి కావలసిన బలం 16 రెట్లు అవుతుంది. అందువల్ల కంటికి తేడా అంతగా కనిపించని పోగుల మధ్య కూడా బలంలో చాలా తేడా. బ్రెజిల్‌లోని బౌరులో తయారయ్యే పెట్టెలో ఆరు రంగులు: ఆకుపచ్చ 0.05 గ్రాము, నీలం 0.2 గ్రాము, ఊదా 2 గ్రాములు, ఎరుపు 4 గ్రాములు, నారింజ 10 గ్రాములు, గులాబి 300 గ్రాములు. పోగును నిలువుగా ఆనించి, ఒంగే దాకా నెమ్మదిగా నొక్కి, ఒకటిన్నర సెకన్లు ఉంచి తీస్తారు. నీలం తెలిస్తే ఆ చోటు పనికి బాగానే ఉన్నట్టు. ఊదా మాత్రమే తెలిస్తే చెయ్యి జాగ్రత్త పడాల్సిన దశకు చేరింది. ఊదా కూడా తెలియకపోతే రక్షణ పోయింది: ముల్లు దిగినా, గిన్నె కాలినా చెయ్యి తనంతట వెనక్కి రాదు. పాదానికి ఈ హద్దు 10 గ్రాముల దగ్గర పెడతారు, ఎందుకంటే పాదం చర్మం మందం, మోసే బరువు ఎక్కువ. అదే 10 గ్రాముల పోగు మధుమేహం ఉన్నవాళ్ల పాదాలకూ వాడతారు. అయితే మధుమేహంలో తిమ్మిరి సాధారణంగా రెండు పాదాల నుంచి ఒకేలా పైకి పాకుతుంది. కుష్ఠు ఒక మోచేయి దగ్గరో, ఒక మచ్చ మీదో, ఒక పక్కనే మొదలుకావచ్చు.

ఇక్కడ పల్లె చేతుల గురించి ఒక మాట చెప్పకపోతే లెక్క తప్పుతుంది. గడ్డపార, కొడవలి, సుత్తి పట్టి కాయలు కాసిన అరచేతికి నీలం పోగు తెలియకపోవడం జబ్బు కానక్కర్లేదు. కాయ లేని చోటు వెతికి తాకాలి. రెండో చేతితో పోల్చాలి. అన్నిటికంటే గట్టి ఆధారం అదే చేయి పోయినసారి చెప్పిన జవాబు. పోయినసారి నీలం తెలిసిన చిటికెన వేలికి ఈసారి ఊదా కావాల్సివస్తే, ఆ తేడా నాడి లోపల ఏదో జరుగుతోందని చెబుతుంది. ఒంటరి పరీక్షకు విలువ తక్కువ, వరుసకు విలువ ఎక్కువ.

స్పర్శతో పాటు కండబలం కూడా చూస్తారు. చిటికెన వేలిని పక్కకు చాపమంటారు, బొటనవేలిని అరచేతి నుంచి పైకి ఎత్తమంటారు, మణికట్టును వెనక్కి వంచమంటారు, తమ వేలితో అడ్డం పెట్టి చూస్తారు. బలంగా ఉందా, నీరసంగా ఉందా, పడిపోయిందా అన్న మూడు మాటల్లో రాస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో స్పర్శ పోయి, కంటికి వంకర ఏమీ కనపడని చేయి మొదటి తరగతి వైకల్యం. వేళ్లు ముడుచుకుపోయినా, పుండు పడినా, కురచ అయినా రెండో తరగతి. ప్రభుత్వ నివేదికల్లో గట్టిగా వినిపించేది రెండో తరగతి సంఖ్య. నా దృష్టిలో అసలు చూడాల్సింది మొదటి తరగతిని. చేయి అందంగా, నిండుగా ఉండగానే అందులో ప్రమాదం కూర్చుని ఉంటుంది, పెన్ను పెడితే తప్ప కనపడదు. కొత్త కేసును గుర్తించిన ఆశా కార్యకర్తకు ఇచ్చే ప్రోత్సాహకంలో కూడా ఈ ఆలోచన ఉంది: కంటికి కనిపించే వైకల్యం రాకముందే గుర్తిస్తే 250 రూపాయలు, వైకల్యం కనిపించాక అయితే 200. తేడా చిన్నదే గానీ దిశ సరైనది.

పెన్ను, పోగు కూడా ఆలస్యంగా చెప్పే సాక్షులే. ఉత్తరప్రదేశ్‌లోని నైని, ఫైజాబాద్ కుష్ఠు ఆసుపత్రుల్లో కొత్తగా గుర్తించిన 303 మంది బహుబాసిలరీ (ఒంట్లో క్రిములు ఎక్కువగా ఉండే రకం) రోగులను ఇన్‌ఫిర్ అనే అధ్యయనంలో వరుసగా పరీక్షించారు. పోగుతో, కండబల పరీక్షతో తేడా పట్టుబడడానికి 12 వారాల ముందే చాలా నాడుల్లో విద్యుత్ ప్రసారం, గోరువెచ్చదనాన్ని గుర్తించే శక్తి తగ్గడం కనిపించింది. సన్న తంతువులు ముందు పోతాయన్న సంగతి అక్కడ అంకెల్లో బయటపడింది. పూర్వం వేడినీళ్లు, చన్నీళ్లు పోసిన రెండు గాజు గొట్టాలను మార్చి మార్చి తాకించి ఏది ఏదో చెప్పమనేవారు. ఈ కాలంలో ఉష్ణోగ్రతను డిగ్రీల లెక్కన పెంచుతూ పోయే చిన్న పరికరాలు వచ్చాయి. నాడి ప్రసారాన్ని కొలిచే యంత్రం జిల్లా స్థాయి దాటి కిందికి రావడం కష్టమే. కానీ చేతిలో పట్టే వేడి పరికరం ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దాకా రావచ్చు, రావాలి కూడా. మహబూబాబాద్‌లో 2022 నుంచి, జనగామలో, భూపాలపల్లిలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలు నడుస్తున్నాయి. స్పర్శ పరీక్షను చేతులతో నేర్పడానికి, కొత్త పరికరాన్ని కాయలు కాసిన పల్లె చేతుల మీద సరిచూడడానికి ఇంతకంటే దగ్గరి చోటు లేదు.

12 వారాలు ఎందుకంత పెద్ద విషయం? నాడి నష్టానికి గడువు ఉంది. స్పర్శ పోయి 6 నెలలు దాటకపోతే ప్రెడ్నిసొలోన్ మాత్రలతో వాపు తగ్గించి, నాడిని చాలావరకు వెనక్కి తెచ్చుకునే అవకాశం ఉంది. కొన్ని నెలల పాటు మోతాదు తగ్గించుకుంటూ ఇస్తారు, చక్కెర, రక్తపోటు చూసుకుంటూ. ఏళ్లు గడిచిన నష్టానికి ఆ మందు పనిచేయదు. మరి స్పర్శ ఎప్పుడు పోయిందో రోగికి తెలియదు. నాడి ఉబ్బి భరించలేని నొప్పి వచ్చినవాళ్లు పరుగెత్తుకు వస్తారు, వాళ్లు కొంత నయం. ఏ నొప్పీ లేకుండా, మచ్చలో మార్పు లేకుండా, నాడి మెల్లగా ఆగిపోయేవాళ్లు ఇంకా ఎక్కువ ప్రమాదంలో ఉన్నారు. వాళ్ల 6 నెలల గడువు ఎప్పుడు మొదలైందో చెప్పగలిగేది వరుసగా చేసిన పరీక్షల కాగితం ఒక్కటే.

క్రిమిని చంపే మందు ఉంది. 1980ల తొలినాళ్ల నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన బహుళ ఔషధ చికిత్స ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. జబ్బు రకాన్ని బట్టి 6 నెలలు, లేదా 12 నెలలు. మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఆ మనిషి నుంచి ఇతరులకు సోకే భయం పోతుంది. అసలు పెద్దలలో అత్యధికులకు ఈ క్రిమిని తట్టుకునే శక్తి పుట్టుకతోనే ఉంటుంది, చేయి పట్టుకుంటే అంటే జబ్బు కాదు. అయినా చచ్చిన క్రిముల తునకల మీద కూడా శరీరం యుద్ధం కొనసాగిస్తుంది. అందుకే చికిత్స మధ్యలోనూ, మందు పూర్తయిన ఏళ్ల తర్వాతా నాడి దెబ్బతినవచ్చు. నెలనెలా మందు ప్యాకెట్ కోసం వచ్చే రోజు పరీక్షకు తిరుగులేని అవకాశం. ప్యాకెట్ చేతిలో పెట్టి పంపేయడానికి ఒక నిమిషం, రెండు చేతులు, రెండు పాదాలు, రెండు కళ్లు చూసి రాయడానికి పదిహేను నిమిషాలు. ఆ పదిహేను నిమిషాలు ఎక్కడ మిగులుతున్నాయో అక్కడ చేతులు మిగులుతున్నాయి.

2005 డిసెంబరులో దేశం మొత్తం మీద పదివేల మందికి ఒకరి కంటే తక్కువ రోగులున్నారని లెక్క తేలింది. అప్పటికే కుష్ఠు పని సాధారణ ఆరోగ్య సేవల్లో కలిసిపోయింది. ఊరూరా తిరిగి ఈ ఒక్క జబ్బునే చూసిన పాతతరం పారామెడికల్ సిబ్బంది ఒక్కొక్కరే రిటైర్ అయ్యారు. మోచేతి వెనక నాడిని తడిమి మందం చెప్పగల వేళ్లు వాళ్లతోపాటు వెళ్లిపోయాయి. జబ్బు మాత్రం వెళ్లలేదు. 2023లో ప్రపంచం మొత్తం మీద నమోదైన కొత్త రోగులు 1,82,815 మంది, వాళ్లలో లక్ష మందికి పైగా మన దేశస్థులే. లెక్క చిన్నదయ్యేకొద్దీ ఒక్కో ఆరోగ్య కేంద్రంలో ఏడాదికి ఒకరో ఇద్దరో రోగులు కనిపిస్తారు. అంత అరుదుగా చేసే పని చేతికి అలవాటు కాదు. కాబట్టి శిక్షణ తరగతి ఒక్కసారి పెట్టి ఊరుకుంటే సరిపోదు. జిల్లాలో చేయి తిరిగిన ఇద్దరు ముగ్గురిని నిలుపుకొని, ప్రతి కొత్త రోగి చేతిని మొదటి నెలలోనే వాళ్ల ముందు పెట్టాలి.

స్పర్శ తిరిగి రాని చేతికి పరీక్ష ఇచ్చేది హద్దు గీత. గీత లోపల ఉన్న చోటికి చెమట కూడా రాదు, ఎండి పగులుతుంది. రోజూ ఇరవై నిమిషాలు మామూలు నీళ్లలో నానబెట్టి, గరుకు పొలుసు తీసి, తడి ఆరకముందే కొబ్బరినూనో ఆముదమో రాస్తే పగుళ్లు ఆగుతాయి. పొయ్యి మీది గిన్నెను మసిగుడ్డతో పట్టాలి, వేడి తెలుసుకోవడానికి స్పర్శ ఉన్న చోటుతోనే తాకాలి. కొడవలి పిడికి గుడ్డ చుడితే పట్టు మెత్తనవుతుంది. పత్తి, మిర్చి ఏరే రోజుల్లో సాయంత్రం ఇంట్లో ఇంకొకరు వెలుతురులో ఆ చేతిని తిప్పి చూడాలి: ముల్లు, బొబ్బ, ఎర్రదనం. మందు పూర్తయ్యాక కూడా కొన్నేళ్లపాటు, కొత్తగా తిమ్మిరి వచ్చినా, చిటికెన వేలు పక్కకు రాకపోయినా, గిన్నె జారినా, అదే వారంలో ఆరోగ్య కేంద్రానికి వెళ్లి పాత కాగితం తీయించి, పెన్నుతో మళ్లీ అడిగించుకోవాలి.